తిరుపతిలో నడుస్తూ పాట వినాలంటే, బొమ్మ చూడాలంటే ఎటు పోవాలి?

కొత్త_తిరుపతి_వాసి:
అందరికీ నమస్కారం. బదిలీ మీద ఆరు నెలల క్రితం తిరుపతి వచ్చాం, నేనూ మా అమ్మా. మాది కోనసీమ. అమ్మ చిన్నప్పటి నుంచి అన్నమయ్య కీర్తనలు పాడుతుంది, ఊళ్ళో పిల్లలకు నేర్పేది కూడా. తిరుపతికి బదిలీ అయిందని చెప్పినప్పుడు నాకన్నా ఆమే ఎక్కువ సంబరపడింది. తీరా వచ్చాక ఇల్లు, ఆఫీసు, నెలకోసారి కొండమీద దర్శనం, వీటితోనే రోజులు గడిచిపోతున్నాయి. మొన్న టీవీలో కచేరీ చూస్తూ, "అన్నమయ్య పాడిన చోటికొచ్చి కూడా టీవీలోనే వింటున్నాం గదరా" అంది. అప్పటి నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు.

ఆదివారాలు బండి ఇంట్లో పెట్టేసి ఇద్దరం నడిచి ఈ ఊరి సంగీతం, బొమ్మలు, ఆటపాటలు ఏమున్నాయో చూడాలని అనుకుంటున్నాం. అమ్మకు అరవై రెండేళ్ళు. మధ్య మధ్య కూర్చుంటూ నాలుగైదు కిలోమీటర్లు నడవగలదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

తీర్థకట్ట_వీధి:
బాబూ, నేను పుట్టింది పాతూళ్ళోనే. యాభై ఏళ్ళుగా రోజూ నడుస్తున్నాను కాబట్టి చెబుతున్నా. మొదలుపెట్టాల్సింది గోవిందరాజస్వామి గుడి దగ్గర, అదీ తెల్లవారుజామున. రామానుజులవారు 1130లో ఇక్కడ స్వామిని ప్రతిష్ఠించారు. ఆ గుడి చుట్టూ పెరిగిందే ఈ ఊరు. అంగళ్ళు తెరవకముందు వెళితే గుడిలోంచి నాదస్వరం, డోలు వీధిలోకి వినిపిస్తాయి. పది దాటిందంటే ఆటోల హారన్లలో అది కలిసిపోతుంది.

లోపలికి పోయే ముందు పెద్ద గోపురం కింద నిలబడి మెడ ఎత్తి చూడండి. ఏడంతస్తులు. మట్ల అనంతరాజు కట్టించిందది. తొందరలో దాని కిందగా నడిచిపోయేవాళ్ళే ఎక్కువ. ద్వారం లోపలి గోడల మీద రామాయణ ఘట్టాలు ఉన్నాయి, అమ్మగారికి అవి చూపించండి. అక్కడి నుంచి మెల్లగా నడిస్తే కోదండరామస్వామి గుడి, రామచంద్ర పుష్కరిణి వస్తాయి. పుష్కరిణి దగ్గర సాయంత్రాలు హరికథ, భక్తి సంగీతం పెడుతుంటారు. గట్టు మీద కూర్చుని వినొచ్చు.

ఒక్కమాట. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం అయిదు తర్వాత, ఈ రెండు పూటలే నడవండి. మన ఎండ సంగతి మీకింకా తెలియదు. పెద్దావిడను మధ్యాహ్నం బయట తిప్పొద్దు.

వీణ_విద్యార్థిని:
అన్నా, మా కాలేజీ గురించి ఎవరూ చెప్పలేదే! శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల, 1959 నుంచి ఉంది. గాత్రం, వీణ, వేణువు, వయొలిన్, మృదంగం, ఘటం, హరికథ, భరతనాట్యం, కూచిపూడి అన్నీ నేర్పుతారు. పనిరోజున ఆఫీసులో అడిగి, తరగతికి అడ్డం రాకుండా వరండాలో కాసేపు నిలబడండి. నేను చేరిన మొదటి రోజు అక్కడే చాలాసేపు ఉండిపోయాను. ఒక గదిలో కొత్త పిల్లలు మాయామాళవగౌళ రాగంలో సరళీవరసలు, పక్క గదిలో మృదంగం మీద "తది గిణతొం", ఇంకో గదిలో నాట్యానికి తాళం వేసే నట్టువాంగం కర్ర చప్పుడు. మూడూ కలిసి వరండాలో ఒకేసారి వినిపిస్తాయి. మొదట గందరగోళంగా అనిపిస్తుంది. కాసేపటికి చెవే ఒక్కోదాన్ని విడదీసుకుంటుంది.

సాయంత్రాలు మహతి కళాక్షేత్రంలో, అన్నమాచార్య కళామందిరంలో కార్యక్రమాలు ఉంటాయి. టీటీడీ పెట్టేవాటికి టికెట్ లేదు. వెళ్ళి కూర్చోవడమే. పెద్ద విద్వాంసుల కచేరీలకే కాదు, మా జూనియర్ల మొదటి కచేరీలకు కూడా రండి. ముందు వరుసలో ఒక పెద్దావిడ కూర్చుని తలూపితే, పాడేవాళ్ళకు సగం టెన్షన్ పోతుంది.

రాగిరేకు:
నేను తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అమ్మగారు అన్నమయ్య పాటలు పాడతారన్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అన్నమయ్య 1408లో పుట్టి 1503లో స్వామిలో కలిశాడు. పదహారో ఏట, అంటే 1424 నుంచి, సంకీర్తనలు చెప్పినట్టు ఆయన పాటలు చెక్కిన రాగిరేకు మీదే రాసి ఉంది. మొత్తం 32,000 అంటారు. మనకు దక్కినవి 12,000కు పైగా. అవి కొండమీద గుడిలో, హుండీకి ఎదురుగా ఉన్న చిన్న అరలో, రాగిరేకుల మీద చెక్కి భద్రంగా ఉండేవి. బయటపడింది 1922లో. దర్శనం అయ్యాక హుండీ దగ్గర అందరూ డబ్బు వేసి కదిలిపోతారు. మీరు మాత్రం ఒక్క క్షణం అటు చూడండి. ఆ అరకు అటూ ఇటూ అన్నమయ్య, ఆయన కొడుకు పెదతిరుమలయ్య శిల్పాలు ఉంటాయి.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు విషయం. ఆ రేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు ఉంది, స్వరం లేదు. అంటే అన్నమయ్య ఆ పాటను ఏ వరసలో పాడాడో మనకు అందలేదు. ఈ రోజు మనం పాడుకునే వరసల్లో చాలా భాగం గత డెబ్బై ఎనభై ఏళ్ళలో కట్టినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటివారు రేకులు చదివి పాఠం తేల్చారు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరులో ఉద్యోగం ముగించుకుని వచ్చి, ఎన్నో కీర్తనలకు స్వరాలు కట్టారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తిగారు, బాలకృష్ణప్రసాద్‌గారు. 1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టినప్పటి నుంచి గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు ఇక్కడే ఉండి 600కు పైగా కీర్తనలకు వరసలు కట్టారు. 2025 మార్చి 9న ఇదే ఊళ్ళో కన్నుమూశారు. మీ అమ్మగారు కోనసీమలో పిల్లలకు నేర్పిన వరసల్లో కొన్నైనా మన వీధుల్లోనే పుట్టి ఉంటాయి. ఈ ఊళ్ళో నడిచేటప్పుడు అది మనసులో పెట్టుకోమని చెప్పండి.

ఫాల్గుణ బహుళ ద్వాదశి అన్నమయ్య వర్ధంతి. ఆ రోజుల్లో సప్తగిరి సంకీర్తనలను గోష్ఠిగా పాడతారు, పుస్తకం చూసి మనమూ గొంతు కలపొచ్చు. వైశాఖ పౌర్ణమికి జయంతి ఉత్సవాలు. ఈ రెండూ క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

మెట్లదారి:
మాస్టారికి దండాలు. దానికి తోడు ఒకటి. "తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి" అని మన దగ్గర అంటారు కదా. రాత్రి ఏకాంతసేవలో స్వామికి ఇప్పటికీ అన్నమయ్య వంశంవారు జోల పాడతారు, వెంగమాంబ పేరున ముత్యాల హారతి ఇస్తారు. తరిగొండ వెంగమాంబ మన చిత్తూరు సీమ ఆడపడుచు, కవయిత్రి. కొండమీద ఆమె బృందావనం, అంటే సమాధి, ఉంది, అక్కడికి నడిచే వెళ్ళొచ్చు.

అలిపిరి మెట్లు 3,550 కాబట్టి అమ్మగారికి చెప్పను. కానీ తెల్లవారుజామున అలిపిరి పాదాలమండపం దాకా వెళ్ళి కూర్చోండి. పల్లెల నుంచి వచ్చిన భజన బృందాలు అక్కడ తాళాలు విప్పి, గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంటాయి. ఒకాయన చరణం అందిస్తే పాతికమంది అందుకుంటారు. పాట పైకి పోయే కొద్దీ సన్నగా అవుతూ వినిపిస్తుంది.

మద్రాసు_సభలు:
అందరూ భక్తే చెబుతున్నారు, నేను వేరే మాట చెబుతా. పదేళ్ళు మద్రాసులో ఉండి వచ్చాను. డిసెంబరులో అక్కడ ఒకే రోజు అయిదారు సభలు తిరగొచ్చు. ఒక వీధిలో నుంచి ఇంకో వీధికి నడిస్తే ఇంకో కచేరీ. నాటకాలు, బొమ్మల ప్రదర్శనలు, మాటామంతీ అన్నీ ఉంటాయి. తిరుపతిలో కచేరీ అంటే గుడి, గుడి అంటే కచేరీ. కొత్త పాట, కొత్త బొమ్మ చూడాలంటే ఇక్కడ చోటేదీ? సంగీతం కావాలంటే రైలెక్కి మూడు గంటల్లో మద్రాసు వెళ్ళమంటాను. మనసులో ఉన్నది చెప్పాను, ఎవరూ కోపం తెచ్చుకోవద్దు.

పలక_దరువు:
కోపం ఎందుకన్నా, మాట్లాడుకుందాం. కొత్తవాటికి ఇక్కడ చోటు తక్కువన్నది నిజం. మా కుర్రాళ్ళు నాటకం వేయాలంటే హాలు కోసం ఎంత తిరిగారో నాకు తెలుసు. కానీ ఈ ఊళ్ళో ఉన్నదంతా గుడి కచేరీయే అంటే ఒప్పుకోను. నువ్వు మే నెలలో ఇక్కడ ఉన్నావా? గంగజాతర చూశావా?

తాతయ్యగుంట గంగమ్మ జాతర చాటింపుతో మొదలవుతుంది. ఆ మర్నాటి నుంచి రోజుకొక వేషం. పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ మారువేషాల్లో తిరిగిందన్నది కథ. బైరాగి వేషం రోజు ఒళ్ళంతా తెల్లటి నామం. బండ వేషానికి కుంకుమ. తోటి వేషానికి బొగ్గు. ఆ తర్వాత దొర వేషం, ఆ రోజే పాలెగాడి వధ. మర్నాడు మాతంగి, ఆపైన సున్నపుకుండలు. కైకాల కుటుంబంవాళ్ళు తరతరాలుగా ఈ వేషాలు కడుతున్నారు. వాళ్ళు ఇల్లిల్లూ తిరుగుతుంటే వెనకే ఊరంతా నడుస్తుంది. మొక్కుకున్న మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టి, గాజులు వేసుకుని వస్తారు.

నేను పలక, అంటే డప్పు, కొడతాను. మా నాయన దగ్గర నేర్చుకున్నా. దరువు మొదలుపెట్టే ముందు గడ్డి మంట మీద పలక కాస్తాం. తోలు బిగిసేదాకా వేళ్ళతో తట్టి చూస్తాం, మొదట "బొద్" మంటుంది, కాగే కొద్దీ "ఠంగ్" మని పలుకుతుంది. ఆ శబ్దం వచ్చిందంటే ఇక ఆ వీధిలో ఎవరూ ఇంట్లో ఉండరు. పంబలవాళ్ళు పంబ కొడుతూ కథ ఎత్తుకుంటే మా అవ్వ వయసువాళ్ళకు కూడా కాళ్ళు ఆగవు. దీనికి సభ లేదు, కుర్చీ లేదు. నడుస్తూ చూడాల్సిన ఆట ఇదే. కొత్త_తిరుపతి_వాసి అన్నా, అమ్మను తోటి వేషం రోజు పొద్దున్నే తీసుకురా. చివరి రోజు తోపులాట ఎక్కువ, ఆ రోజు వద్దు.

మద్రాసు_సభలు:
జాతర నేను చూడలేదు తమ్ముడూ. ఆ నెలలో ఎప్పుడూ ఊళ్ళో లేను. ఈసారి సెలవు పెట్టి ఉంటాను. పలక కాచేచోటు చెప్పు, వస్తా.

ఉలి_చప్పుడు:
అలిపిరి దగ్గర మా శిల్ప శిక్షణ సంస్థ ఉంది, 1960లో మొదలైంది. ఆలయ నిర్మాణం, రాతి శిల్పం, సున్నంతో చేసే సుధా శిల్పం, లోహం, కొయ్య, సంప్రదాయ చిత్రలేఖనం, ఇవన్నీ నాలుగేళ్ళ డిప్లొమాలు. కలంకారీకి రెండేళ్ళ కోర్సు. నాది రాయి.

పైన అందరూ తాళం అంటే సంగీతం తాళమే అనుకుంటున్నారు. మాకూ తాళం ఉంది. మొదటి ఏడాది ఉలి ముట్టనివ్వరు, కాగితం మీద గీత గీయడమే. దేవుడి ముఖం పొడవు ఒక తాళం, దాన్ని పన్నెండు అంగుళాలుగా భాగిస్తాం. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, బొమ్మ ఎత్తును బట్టి మారుతుంది. విష్ణుమూర్తికి ఉత్తమ దశతాళం, అంటే నూట ఇరవై నాలుగు అంగుళాలు. కన్ను ఎక్కడ, నాభి ఎక్కడ, మోకాలు ఎక్కడ అన్నది ఆ లెక్కలోనే పడాలి. అర అంగుళం తప్పినా మా గురువుగారు దూరం నుంచే పట్టుకుంటారు. ఇది తెలిశాక గోవిందరాజస్వామి గోపురం మీది బొమ్మలు చూస్తే, చెయ్యి తిరిగిన శిల్పి ఎవరో, కొత్తవాడు ఎవరో కంటికి తెలిసిపోతుంది.

కాళహస్తి_కలం:
మాది శ్రీకాళహస్తి, మనది ఒకే జిల్లా. బస్సులో గంటకాస్త పైన పడుతుంది, దిగాక మా వీధుల్లో నడవొచ్చు. మా ఇంట్లో నాలుగు తరాలుగా కలంకారీ వేస్తున్నాం. వచ్చేవాళ్ళు చీర ధర అడిగి వెళ్ళిపోతారు, పని ఎలా జరుగుతుందో చూసేవాళ్ళు తక్కువ. మీరు చూడండక్కా, అన్నా.

గుడ్డను ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేస్తాం. పాలలోని వెన్న వల్ల రంగు పక్కకు పాకదు. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తాం. నల్లరంగుకు కసిం కావాలి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతాం. ఆ నీళ్ళు చూస్తే లేత గోధుమరంగు, వాసన ఘాటు. కలంతో గుడ్డ మీద గీత గీయగానే మన కళ్ళ ముందే నల్లబడుతుంది. కరక్కాయ, ఇనుము కలిసి చేసే పని అది. మా చిన్నపాప ఇప్పటికీ అది చూస్తూ కూర్చుంటుంది.

కలం అంటే వెదురుపుల్ల. దాని మొనకు కాస్త పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తాం. ఆ గుడ్డ ముడిని వేళ్ళతో ఎంత నొక్కితే అంత రంగు దిగుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళు పూసి, రంగు నీళ్ళలో ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎర్రబడుతుంది. మధ్యలో ఎన్నిసార్లు ఉతుకుతామో లెక్కలేదు, స్వర్ణముఖిలో పారే నీళ్ళుంటే మాకు పండగే. 1950ల చివర్లో కమలాదేవి చటోపాధ్యాయగారి చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టకపోతే ఈ విద్య మా తాతల దగ్గరే ఆగిపోయేది.

బైరాగిపట్టెడ_ఇల్లాలు:
బొమ్మలు కొనేటప్పుడు జాగ్రత్త తమ్ముడూ. మేం వచ్చిన కొత్తలో ఒక అంగట్లో ఎర్రచందనం వేంకటేశ్వరస్వామి బొమ్మ అని పెద్ద రేటు పెట్టి కొన్నాం. ఇంటికొచ్చి తడిగుడ్డతో తుడిస్తే గుడ్డంతా ఎరుపు. అడుగున గీకి చూస్తే లోపల పాలిపోయిన కొయ్య. మా అత్తయ్య ఎంత బాధపడిందో. అప్పటి నుంచి బిల్లు లేకుండా ఏదీ కొనను. ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్కేవాళ్ళ ఇళ్ళకే వెళితే, ఏ కొయ్యో వాళ్ళే చూపించి చెబుతారు. చెక్కుతుంటే చూసి కొన్నది ఇంట్లో ఉంటే ఆ తృప్తే వేరు.

చిత్తూరు_భారతం:
తిరుపతి దాటి రండి కొంచెం. ఎండాకాలంలో మా చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రంతా వీధినాటకం. అర్జునుడు తపస్సుమాను అనే పొడవాటి స్తంభం ఎక్కే రోజు, ఆ వేషగాడు పద్యం పాడుతూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు, పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసురుతాడు. పిల్లలు కావాలని మొక్కుకున్నవాళ్ళు కింద తడిబట్టలతో పడుకుని ఉంటారు. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు నేల మీద పడుకుని ఉంటాడు. భీముడు తొడ మీద కొట్టాక, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం. చంద్రగిరి, పుత్తూరు వైపు కూడా ఇది ఉంది. చిత్తూరు నాగయ్యగారు సినిమాలకు వెళ్ళకముందు పాడుతూ ఆడింది మా ఊరి నాటకాల్లోనే. గొంతు ఎత్తి పాడితే చివరి వరుసకు వినిపించాలన్న పట్టుదల మా సీమ వేషగాళ్ళకు ఇప్పటికీ ఉంది.

వీణ_విద్యార్థిని:
పూర్ణకుంభం సర్కిల్‌లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి అమ్మ విగ్రహం ఉంది, 2006లో పెట్టారు. పరీక్షకు వెళ్ళే ముందు మేం అటుగా నడిచి దణ్ణం పెట్టుకుని వెళతాం. మీ దారిలో అది కూడా కలుపుకోండి అన్నా.

కొత్త_తిరుపతి_వాసి:
నాలుగు ఆదివారాలు, ఒక సెలవు రోజు తిరిగాం. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

మొదటి ఆదివారం పొద్దున ఆరుకు గోవిందరాజస్వామి గోపురం దగ్గర ఉన్నాం. తీర్థకట్ట_వీధిగారూ, మీరు చెప్పినట్టే నాదస్వరం వీధిలోకి వినిపించింది. ఏ రాగమో నాకు తెలియదు. అమ్మ చెప్పులు విప్పి గోడవారగా నిలబడి, "భూపాళం" అంది. అది అయ్యేదాకా కదల్లేదు. పూలు కట్టే ఆవిడ ఒకరు తన పీట ఇచ్చి కూర్చోబెట్టింది.

రెండో వారం మేం తప్పు చేశాం. మధ్యాహ్నం బయలుదేరాం, అమ్మకు కళ్ళు తిరిగాయి. ఒక అంగడాయన మజ్జిగ ఇచ్చి నీడలో కూర్చోబెట్టారు. ఇక ఎండలో నడవం.

మాస్టారూ, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. స్వరం అందలేదన్న మాట దగ్గర ఆపమని, మళ్ళీ చదవమంది. నలభై ఏళ్ళుగా పాడుతున్న వరస అన్నమయ్యదే అనుకుందట. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన పాత నోటుపుస్తకం తీసి, ఏ పాట ఎవరు కట్టిన వరసో కనుక్కుని పక్కన రాసి పెట్టమంది. ఇప్పటికి పదకొండు పాటలకు తెలిసింది. మిగిలినవాటి జాబితా మీకు విడిగా పంపుతాను, వీలున్నప్పుడు చూడండి.

చెల్లీ, సెలవు రోజు సాయంత్రం కళామందిరానికి వెళ్ళాం. ఒక చిన్నపిల్ల పాడింది, పన్నెండేళ్ళుంటాయేమో. చరణంలో ఒకచోట మరిచిపోయి ఆగింది. ముందు వరుసలో ఉన్న అమ్మ పెదవులు కదిపి అందించింది. పిల్ల అందుకుని పాడేసింది. అయిపోయాక తనే వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. వాళ్ళమ్మగారు మా ఇంటికి రెండు వీధుల అవతలే ఉంటారట. బుధవారం సాయంత్రాలు ఆ పిల్ల మా ఇంటికొస్తోంది.

వచ్చే ఆదివారం శిల్ప సంస్థకు వెళదామనుకుంటున్నాం. పొద్దున వస్తే చూడనిస్తారా?

ఉలి_చప్పుడు:
ఆదివారం తరగతులు ఉండవు అన్నా. పనిరోజున పొద్దున రండి, గేటు దగ్గర సందర్శకులమని చెప్పండి. రాతి విభాగంలో దుమ్ము లేస్తుంది, అమ్మకు ముక్కుకు కట్టుకోవడానికి ఒక గుడ్డ తీసుకురండి.